కొట్టినోడు వెనక్కి రావాలి

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయం సారుకు, రాకెట్ లీగ్ అనే కంప్యూటర్ ఆటకు టోర్నమెంటు పెట్టిన యువజన సంఘం పిల్లలకు, ఇదేం ఆటనో తెలియకపోయినా బతుకమ్మ పనులు పక్కన పెట్టి వచ్చిన అమ్మలకు, అక్కలకు నమస్కారం. ఎవరినన్నా మరిచిపోతే ఏమీ అనుకోవద్దు. ముప్పై ఏళ్లు పీఈటీగా చేసినవాణ్ణి, నాకు మైకు కంటే విజిలే అలవాటు. విజిలు ఊదితే అందరూ ఆగుతారు. మైకు పడితే పట్టుకున్నవాడే ఆగడు.

శాలువా కప్పారు, సంతోషం. నేను రిటైరైంది 2020లో. లాక్‌డౌన్, బడికి తాళం. సన్మానం లేదు, గ్రూపు ఫోటో లేదు, ఆఖరి రోజు వాచ్‌మన్‌కు స్టోర్‌రూమ్ తాళంచెవులు ఇచ్చి ఇంటికొచ్చాను. ఆ బాకీ ఇవాళ మీరు తీర్చారు.

పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాకెట్ లీగ్ ఎలా ఆడాలో నాలుగు చిట్కాలు చెప్పాలట. ఈ వయసులో నాకిది ఎట్ల తెలుసంటే, మా మనవడి వల్ల. వాళ్లు ఉండేది ఎల్బీనగర్‌లో. కరోనాకు భయపడి మా ఊరొచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఈ ఆటను ఉచితం చేశారు, అంతకుముందు కొనుక్కోవాల్సి వచ్చేది. ఆట 2015 జులైలోనే వచ్చింది, అమెరికాలో శాన్ డియేగోలో సయోనిక్స్ అనే కంపెనీ చేసింది. ఆన్‌లైన్ క్లాసుకని కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో క్లాసు ఎంత నడిచిందో నాకు తెలియదు, ఇది మాత్రం బాగా నడిచింది.

అమ్మలకోసం ఒక్క మాట. ఇది కార్లతో ఆడే ఫుట్‌బాల్. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. బంతి కారుకంటే పెద్దగా ఉంటుంది. చుట్టూ గోడలు, పైన కప్పు ఉంటాయి కాబట్టి ఔట్ లేదు, త్రో లేదు, ఆఫ్‌సైడ్ గొడవ లేదు. అయిదు నిమిషాల ఆట. కార్లు గాలిలోకి లేస్తాయి. ఎట్ల లేస్తాయని అడగొద్దు, పుష్పక విమానాన్ని మనమెవ్వరం అడగలేదు కదా. ఇందాక ఒక పెద్దమనిషి ‘కుర్చీలో కూసొని ఆడేది ఆటనా’ అన్నారు. క్యారమ్స్ నిలబడి ఆడుతున్నామా అన్నా? సరే, ఆ ముచ్చట తర్వాత చూసుకుందాం.

ముందు సెట్టింగులు చూసుకోండి. కెమెరా షేక్ తీసేయండి, బంతి తగిలినప్పుడల్లా తెర ఊగితే తల తిరుగుతుంది. ఫీల్డ్ ఆఫ్ వ్యూ 110కి పెంచుకోండి, పక్కలు కనపడతాయి. స్పేస్ బార్ నొక్కితే బాల్ క్యామ్ వస్తుంది, చూపు ఎప్పుడూ బంతి మీదే ఉంటుంది. బంతి గాలిలో ఉన్నప్పుడు దాని కింద నేల మీద ఒక వలయం కనపడుతుంది. కొత్తవాళ్లు పైకి చూస్తూ ఎగురుతారు, ఎగిరేసరికి బంతి దాటిపోతుంది. మీరు వలయాన్ని చూడండి, దాని దగ్గర కాచుకోండి. గాలిలో పల్టీల సంగతి ఇంకో ఆరు నెలల తర్వాత.

ఇక బూస్ట్, అంటే కారును ఉరికించే ఇంధనం. మైదానంలో పెద్ద బూస్టులు ఆరు, చిన్నవి 28. పెద్దది తొక్కితే ట్యాంకు నిండా 100. చిన్నది తొక్కితే 12. అందుకని అందరూ ఆట వదిలేసి పెద్దదాని కోసం మూలకు ఉరుకుతారు. పెద్దది ఒకసారి తీసుకుంటే మళ్లీ రావడానికి పది సెకన్లు. ఎండాకాలం బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడ్డవాళ్లం మనం, ఆ అలవాటు ఆటలో కూడా పోలేదు. అట్ల నిలబడొద్దు. పోయే దారిలో చిన్నవి తొక్కుకుంటూ పోండి, మూడు తొక్కితే 36. ఒక గోల్ ఆపడానికి అది చాలు.

ఒక్క నిమిషం. వెనక వరుసలో ఫోన్లు చూస్తున్న తమ్ముళ్లూ, మీరు పట్టుకున్నది ఈ హాలు వైఫైనే. ఆరు ల్యాప్‌టాప్‌లు దాని మీదే నడవాలి. అందులో రెండు పిల్లలు హైదరాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చినవి. మీరు రీల్స్ చూస్తే ఇక్కడ పింగ్, అంటే నెట్టు ఆలస్యం, పెరుగుతుంది, కారు ఉన్నచోట కనపడదు. గంటసేపు ఆపండి, మీకు పుణ్యముంటుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ముగ్గురూ బంతి మీదికి పోవద్దు. ఒకడు కొడతాడు, రెండోవాడు కొంచెం ఎడంగా ఉంటాడు, మూడోవాడు గోల్ దగ్గర ఉంటాడు. కొట్టినవాడు తగిలినా తగలకపోయినా వెనక్కి రావాలి. బంతి ఏ పక్క ఉందో ఆ పక్కనుంచి రావొద్దు, అవతలి పోస్టు వైపు తిరిగి రావాలి. అప్పుడు బంతి, గోల్ రెండూ నీ కళ్ల ముందుంటాయి. దగ్గరి పోస్టునుంచి వస్తే నీ తోటివాడికే అడ్డం పడతావు, ఒక్కోసారి మన గోల్‌లో మనమే వేసుకుంటాం. దీన్ని రొటేషన్ అంటారు. వాలీబాల్‌లోనూ రొటేషన్ ఉంది, అక్కడ రూలు ప్రకారం తిరగాల్సిందే. ఇక్కడ రూలేమీ లేదు, బుద్ధి ఉండాలి. చిక్కెక్కడంటే స్కోర్‌బోర్డుతో. గోల్ వేస్తే 100 పాయింట్లు, పాస్ ఇచ్చి గోల్ చేయిస్తే 50, ఆపితే 50. వెనక్కి వచ్చినవాడికి సున్నా. మరి ఎవడొస్తాడు?

మా మనవడు వచ్చేవాడు. ఒకరోజు రాత్రి పక్కన కూర్చొని చూస్తున్నాను. రెండు రెండు. గడియారంలో నాలుగు సెకన్లున్నాయి. మిగతా ఇద్దరూ అటు గోల్ దగ్గర బంతి కోసం పడి ఉన్నారు, వీడొక్కడే ఇటు వెనక ఉన్నాడు. బంతి గోడకు తగిలి మెల్లగా, ఊరికే తేలుతూ వస్తోంది. వీడు టెన్షన్‌లో ముందే ఎగిరాడు. బంతి కారు కిందినుంచి లోపలికి పోయింది. వెంటనే తెర మీద ఇంగ్లీషులో పడింది: ‘వాట్ ఎ సేవ్!’ మళ్లీ ‘వాట్ ఎ సేవ్!’ మళ్లీ అదే. ఆ మాటలు ఆటలో ముందే ఉంటాయి, బటను నొక్కితే చాలు. వరసగా అన్నిసార్లు నొక్కితే కాసేపు చాట్ ఆగిపోతుంది, ఆగేదాకా నొక్కాడు. నొక్కింది ఎదుటి జట్టువాడు కాదు, మావాడి జట్టువాడే.

నాకా భాష తెలుసు, ఆ ఆట మర్యాద తెలియదు. వీపు తట్టి అన్నాను: “శభాష్ రా, బాగ ఆపినవ్ అంటున్నరు గదా!”

వాడు హెడ్‌ఫోన్స్ తీశాడు. వైరు చేతికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా, “ఆపలే తాతా. అందుకే అంటున్నరు” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీరు పిల్లలు, నవ్వొచ్చు. నాకు 1983 యాదికొచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. సంక్రాంతికి పక్క ఊళ్లో వాలీబాల్. రాత్రి ఆట, వెదురు కర్రలకు ట్యూబులైట్లు కట్టారు. మా జట్టులో లిఫ్టింగ్ నా దోస్తుది, స్మాష్ నాది. ఒకటో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. వాడు బంతి లేపితే నేను కళ్లు మూసుకొని కొట్టేవాణ్ణి. ఆ ఏడు వాడికి మోకాళ్లు సరిగా వంగడం లేదు. ఇప్పుడైతే మునుగోడు, మర్రిగూడ పేర్లు చెప్పగానే ఫ్లోరైడ్ అంటారు. అప్పుడు మాకేం తెలుసు? అందరం తాగింది బోరు నీళ్లే, అందరి పళ్ల మీదా గార మరకలే. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటారు, మా బోరులో ఎంతుందో మాకు చెప్పినవాడు లేడు. అన్నట్టు, సున్నం, పటిక కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థవాళ్లు కనిపెట్టారు. పేరు పుస్తకాల్లోకి ఎక్కింది, మా ఇంట్లోకి మాత్రం చాలా ఏళ్లు బోరు నీళ్లే వచ్చాయి. ఎక్కడికో పోయాను, వస్తా.

ఆఖరి సెట్టు. పద్నాలుగు పదమూడు, సర్వీసు వాళ్లది. ఆ రోజుల్లో 15 పాయింట్ల ఆట, సర్వీసు మనదైతేనే పాయింటు. బంతి వలమీద ఊగుతోంది. అది నాది కాదు, పక్కవాడిది. నేను ఆగలేదు, మీదపడి పోయాను. అందలేదు. వాళ్లు మెల్లగా వెనక్కి నెట్టారు, సరిగ్గా నేను వదిలేసి వచ్చిన జాగాలో పడుతోంది. దానికోసం మా లిఫ్టర్ పోయాడు. కాళ్లు వంగలేదు. నిలువుగానే చెయ్యి చాపాడు, బంతి మణికట్టుకు తగిలి జనంలో పడింది.

నేనేం చేశానో చెప్పాలా? చప్పట్లు కొట్టాను. మెల్లగా, అందరికీ వినపడేటట్టు. “అబ్బ, మస్తు లేపినవ్ రా! మస్తు లేపినవ్!” అన్నాను. ఎన్నిసార్లన్నానో. జనం నవ్వారు. వాడు కూడా నవ్వాడు. మర్నాడు గ్రౌండుకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఖాళీగా ఉన్న జాగా ఎవరిదని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు రొటేషన్ నేర్పుతూ కూడా ఈ ముచ్చట ఎక్కడా చెప్పలేదు.

వాడికిప్పుడు కిరాణా కొట్టుంది. మనవడి ఆట చూసిన మర్నాడు పోయాను, మాస్కు కట్టుకొని. బయట సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడే చెప్పాను, ఆ రోజు తప్పు నాదిరా అని. వాడు చక్కెర పొట్లం కడుతున్నాడు.

“ఏ మ్యాచి? నాకు యాదికి లేదు” అన్నాడు.

పొట్లం నా చేతిలో పెట్టాడు, చిల్లర లెక్కపెట్టాడు. నేను సైకిలు స్టాండు తీస్తుంటే లోపలినుంచి అన్నాడు: “పద్నాలుగు పదమూడు.”

టైం అయిపోయిందని సంఘం తమ్ముడు గడియారం చూపిస్తున్నాడు. చూశాను నాయనా. చిట్కాలు ఇంకా ఉండె, ఆట మొదలయ్యే కిక్కాఫ్ సంగతి చెప్పనే లేదు. 33 బూస్టుతోనే మొదలవుతుంది, ఎవరు పోతారో ముందే అనుకోండి, ఇద్దరు పోతే ఇద్దరూ గుద్దుకుంటారు. గడియారం సున్నా అయినా బంతి నేలకు తగిలేదాకా ఆట ఉంటుంది, చేతులు తీయొద్దు. సమానమైతే ఓవర్‌టైమ్, ఎవరు ముందు గోల్ వేస్తే వాళ్లదే.

నిర్వాహకులను ఒకటే అడిగాను, ఒప్పుకున్నారు. మీకు ఆ చాట్‌లో ‘ఐ గాట్ ఇట్’ ఉంది, నేను పోతున్నానని. ‘టేక్ ద షాట్’ ఉంది, నువ్వే కొట్టమని. ‘డిఫెండింగ్’ ఉంది. ఎన్నన్నా నొక్కండి. ‘వాట్ ఎ సేవ్’ మాత్రం నిజంగా ఆపినప్పుడే. గోల్ పోయాక అది ఎవరు నొక్కినా ఆ జట్టుకు ఒక గోల్ కోత. ఇక్కడ రిఫరీని నేనే, నా దగ్గర అప్పీలు లేదు.

ఏడింటిదాకా కరెంటు తియ్యం అన్నారు కరెంటోళ్లు. ఇప్పుడు ఆరుంపావు. బ్లూ టీమ్ కిటికీ వైపు, ఆరెంజ్ టీమ్ బీరువా వైపు కూర్చోండి. ఛార్జర్ వైర్లు తొక్కొద్దు. నా విజిలు ఇక్కడే టేబుల్ మీద పెట్టాను, ఎవరు తీశారు?