రిటర్న్ కోడ్ సున్నా వచ్చాక మొదలయ్యే పని

మిత్రులందరికీ నమస్కారం.

మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద ఆప్టిమైజింగ్ కంపైలర్, అంటే సోర్స్ కోడ్‌ను వేగంగా నడిచే యంత్ర ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్, పెట్టడం అనగానే మనకు ఎస్ఎంపీ/ఈ అనే ఇన్‌స్టలేషన్ సాధనం గుర్తొస్తుంది. ప్యాకేజీని లోపలికి తీసుకునే రిసీవ్, ముందుగా సరిచూసే అప్లై చెక్, నిజంగా పెట్టే అప్లై, కొన్నాళ్లు వాడి చూశాక ఖాయం చేసే యాక్సెప్ట్. ఈ వరస ఇక్కడున్న అందరికీ తెలిసిందే. హోల్డ్‌డేటా, అంటే పెట్టేముందు చూడాల్సిన హెచ్చరికలు, చదవకుండా అప్లై చేయకండి. దాని గురించి ఇంతకు మించి చెప్పను. జాబ్ సున్నా రిటర్న్ కోడ్‌తో, అంటే తప్పుల్లేకుండా, ముగిశాక మిగిలే పని గురించి మాట్లాడదామని వచ్చాను.

2013లో కోబాల్ భాషకు కంపైలర్ అయిన ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 5 తెచ్చినప్పుడు ఐబీఎం ఆప్టిమైజర్‌ను, కోడ్ పుట్టించే భాగాన్ని కొత్తగా కట్టింది. అక్కడి నుంచి నడపడానికి తయారయ్యే రూపం ప్రోగ్రామ్ ఆబ్జెక్ట్. అది పాత పీడీఎస్ రకపు లోడ్ లైబ్రరీలో, అంటే నడిచే ప్రోగ్రాములుంచే చోట, ఇమడదు, పీడీఎస్ఈ అనే కొత్త రకం కావాలి. కంపైల్‌కు మెమరీ కూడా బాగా ఎక్కువ కావాలి, పాత ప్రొసీజర్‌లో రాసిన రీజియన్, అంటే మెమరీ పరిమితి, చాలకపోవచ్చు. ఇవి మొదటి రోజే బయటపడతాయి కాబట్టి నాకు వీటి భయం లేదు.

నా భయమంతా ఆలస్యంగా బయటపడే వాటి గురించి. ఏ తరం యంత్రానికి కోడ్ పుట్టించాలో కంపైలర్‌కు చెప్పే ఆర్చ్ ఆప్షన్‌నే తీసుకోండి. ఆర్చ్ 12 అని రాస్తే జడ్14 యంత్రానికున్న ఆదేశాలన్నీ వాడుకోమని కంపైలర్‌కు చెప్పినట్టు. ఒక్కో బైటులో రెండేసి అంకెలుంచే ప్యాక్డ్ డెసిమల్ లెక్కలను ప్రాసెసర్‌లోని వెక్టర్ రిజిస్టర్లలో చేసే వీలు ఆ యంత్రంతోనే వచ్చింది. కోబాల్‌లో డబ్బు లెక్కలు ఎక్కువగా ఆ రూపంలోనే నడుస్తాయి, కాబట్టి లాభం నిజమే. మరి ప్రమాదం వస్తే పని నడిపించే మీ డిజాస్టర్ రికవరీ కేంద్రంలో ఇంకా దాని ముందు తరం జడ్13 ఉంటే? రోజూ హాయిగా నడిచిన ప్రోగ్రామ్ సరిగ్గా అవసరమైన రోజునే ఎస్0సీ1 అబెండ్‌తో, అంటే యంత్రానికి తెలియని ఆదేశం తగిలి, మధ్యలోనే పడిపోవచ్చు. ఆ ప్రోగ్రామ్ ఎప్పుడైనా నడవాల్సి వచ్చే యంత్రాలన్నిటిలో పాతదేదో చూసి, దాన్ని బట్టి ఆర్చ్ పెట్టండి.

డేటా సంగతి ఇంకా లోతైనది. బైటుకు ఒక అంకె ఉండే జోన్డ్ డెసిమల్ ఫీల్డ్‌లో ముందు స్థానాల్లో అంకెలకు బదులు ఖాళీలు, అంటే హెక్స్ 40, ఉన్నాయనుకోండి. పాత కోడ్‌లో దాన్ని ప్యాక్డ్ రూపంలోకి మార్చే ప్యాక్ ఆదేశం అక్కడ ఒక్కో బైటులో కింది నాలుగు బిట్లే తీసుకుంటుంది కనుక ఖాళీ సున్నాగా చెల్లిపోయేది. కొత్త కంపైలర్ అదే పోలికను ఇంకో ఆదేశంతో చేస్తే ఖాళీ సున్నాకు సమానం కాకపోవచ్చు. అబెండ్ రాదు, మెసేజ్ రాదు, ప్రోగ్రామ్‌లోని ఇఫ్ షరతు ఇంకో దారిన పోతుంది. ఇందులో కంపైలర్ తప్పు లేదు. ఫీల్డ్ రూపం చెప్పే పిక్చర్ క్లాజ్‌లో అంకెలే ఉంటాయని రాసిచ్చింది మనమే. జోన్‌డేటా ఆప్షన్‌తో పాత నడవడికకు దగ్గరగా తేవచ్చు కానీ నా దృష్టిలో అది తాత్కాలికం. టెస్టింగ్‌లో నమ్‌చెక్ ఆప్షన్ పెట్టి కంపైల్ చేయండి, చెడ్డ ఫీల్డులు ఎక్కడున్నాయో అదే చూపిస్తుంది. ఆ డేటా పుట్టే చోటే సరిచేయండి.

సోర్స్ దొరకని ప్రోగ్రాములకు 2015లో వచ్చిన ఆటోమేటిక్ బైనరీ ఆప్టిమైజర్ ఉంది. కంపైల్ అయిన మాడ్యూల్‌నే తీసుకుని కొత్త యంత్రానికి తగ్గట్టు మలుస్తుంది. అక్కడా ఆర్చ్ విషయంలో ఇదే జాగ్రత్త.

కొత్త కంపైలర్‌ను మొదట అన్ని జాబ్‌లకూ దొరికే లింక్‌లిస్ట్‌లో పెట్టకుండా, ఆయా జాబ్‌లోనే రాసే స్టెప్‌లిబ్ ద్వారా కొన్ని జాబ్‌లకే ఇవ్వండి. ఒకే ఇన్‌పుట్‌తో పాత మాడ్యూల్‌నూ కొత్తదాన్నీ నడిపి అవుట్‌పుట్ ఫైళ్లను బైటు బైటుగా పోల్చండి. నెలాఖరు, సంవత్సరాంతపు జాబ్‌లు కూడా ఆ పరీక్ష దాటాకే పాత లోడ్ లైబ్రరీ తీసేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.