40 అంటే ఎంత? ఫ్లూ యాంటీబాడీలను కంటితో చదివే పరీక్ష

నమస్తే అండీ. కోవిడ్ సెకండ్ వేవ్ తర్వాత చాలా ఇళ్లలో "నాకు యాంటీబాడీలు ఇన్ని వచ్చాయి, మీకెన్ని?" అనే మాట వినిపించింది. నంబరు పెద్దదైతే ధైర్యం, చిన్నదైతే టెన్షన్. నిజానికి ఒక్కో కంపెనీ కిట్ ఒక్కో లెక్కలో నంబరు ఇచ్చేది, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడమే కుదరదు. అసలు ఆ నంబరు ఎలా వస్తుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. అందుకే ఈ రోజు ఫ్లూ వైరస్‌కి చేసే ఒక పాత పరీక్ష చూపిస్తాను. ఇందులో ఫలితం కంటికే కనిపిస్తుంది.

పేరు హీమాగ్లుటినేషన్ ఇన్హిబిషన్. ల్యాబుల్లో హెచ్.ఐ. టెస్ట్ అంటారు. హెచ్‌ఐవీతో దీనికి ఏ సంబంధమూ లేదు, ఆ భయం వద్దు.

ఈ కథ 1941లో మొదలైంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ల్యాబ్‌లో జార్జ్ హర్స్ట్ కోడిగుడ్లలో ఫ్లూ వైరస్ పెంచేవారు. గుడ్డులోంచి ద్రవం తీస్తుంటే రక్తనాళం చిట్లి కొంచెం రక్తం అందులో కలిసింది. ఎర్ర కణాలు గుంపులుగా అతుక్కుపోవడం ఆయన కంటపడింది. అదే ఏడాది కెనడాలో మెక్‌క్లెలాండ్, హేర్ కూడా ఇదే సంగతి విడిగా కనిపెట్టారు.

కారణం ఏమిటంటే, వైరస్ ఒంటినిండా హీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది ఎర్ర కణం మీదున్న సియాలిక్ యాసిడ్ అనే చక్కెర పదార్థాన్ని పట్టుకుంటుంది. మన శ్వాసనాళంలోని కణాలను పట్టుకునేది కూడా ఈ ప్రొటీనే. యాంటీబాడీ ముందుగానే వెళ్లి దాని మీద కూర్చుంటే వైరస్‌కి ఇక పట్టు దొరకదు. పరీక్ష మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ఇప్పుడు ప్లేట్‌ను దగ్గరగా చూడండి. 96 చిన్న గుంటలు, అడుగు వీ ఆకారంలో ఉంది. మొదటి గుంటలో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే, యాంటీబాడీలు ఉండే ద్రవం, పది రెట్లు పలచన. పక్క గుంటలో ఇరవై, ఆ తర్వాత నలభై, ఎనభై, ఇలా ప్రతిసారీ రెట్టింపు. అన్నిటిలోనూ వైరస్ ఒకే మోతాదు. కాసేపాగి ఎర్ర కణాలు వేస్తారు. కోడివి, టర్కీ కోడివి అయితే అరగంట, గినీ పిగ్‌వి అయితే యూ ఆకారపు గుంటల్లో వేసి గంట ఆగాలి. యాంటీబాడీలు సరిపడా ఉన్న గుంటలో కణాలు విడివిడిగా ఉండి, కిందికి జారి, అడుగున ఎర్రటి చుక్కగా చేరతాయి. లేని గుంటలో వైరస్ వాటిని అల్లేస్తుంది కాబట్టి అవి కిందికి దిగవు, గుంటంతా పలచటి ఎరుపు.

ఇక్కడ చేయి తిరిగిన టెక్నీషియన్ ప్లేట్‌ను ఏటవాలుగా పట్టుకుంటారు. నిజమైన చుక్క అయితే కన్నీటి బొట్టులా కిందికి సాగుతుంది. సాగకపోతే అనుమానించాల్సిందే. అలా సాగిన చివరి గుంట ఏదో అదే మీ టైటర్, అంటే యాంటీబాడీల లెక్క. అది నలభై గుంట అయితే నంబరు 40.

సీరాన్ని ముందు రోజే సిద్ధం చేయాలి. మన సీరంలో యాంటీబాడీ కాకపోయినా వైరస్‌ను అడ్డుకునే పదార్థాలు సహజంగానే ఉంటాయి. కలరా బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి వాటిని తొలగిస్తారు. ఇది చేయకపోతే లేని యాంటీబాడీ ఉన్నట్టు కనిపిస్తుంది.

సరే, 40 వస్తే సేఫా? ఈ అంకె బలంగా నిలబడింది 1972లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన పనితో. వాలంటీర్లకు వైరస్‌ను కావాలని ఇచ్చి చూశారు. దాదాపు 40 దగ్గర ఇన్ఫెక్షన్ ముప్పు సగానికి తగ్గుతుందని లెక్క తేలింది. అంటే 40 ఉన్నవాళ్లకు కూడా ఫ్లూ రావచ్చు. పైగా ఒకే సీరాన్ని ఇవాళ చేస్తే 40, రేపు చేస్తే 80 రావడం మామూలే, ఒక గుంట అటూ ఇటూ అయినా తప్పు కాదు. అందుకే ఒక్క శాంపిల్ చూసి తేల్చేయరు. జబ్బు మొదట్లో ఒకటి, రెండు మూడు వారాల తర్వాత ఇంకొకటి తీసి, కనీసం నాలుగు రెట్లు పెరిగితేనే ఇటీవల ఇన్ఫెక్షన్ వచ్చిందంటారు. జ్వరంతో ఉన్న మనిషికి ఈ పరీక్ష పనికిరాదు, ముక్కులోంచి స్వాబ్ తీసి ఆర్టీపీసీఆర్ చేయాలి.

నన్ను బాగా ఆకట్టుకున్నది దీని రెండో ఉపయోగం. ఫ్లూ వ్యాక్సిన్‌లో ఏ వైరస్‌లు పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి నిర్ణయిస్తుంది. ఫెర్రెట్ అనే జంతువుకు ఒక వైరస్ సోకించి, దాని సీరం కొత్త వైరస్‌లను ఎంతవరకు అడ్డుకుంటుందో ఇదే ప్లేట్ మీద చూస్తారు. మన దేశంలో పుణెలోని ఎన్‌ఐవీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ, ఆ సంస్థ ప్రపంచ ఫ్లూ నెట్‌వర్క్‌లో భాగం.

అయితే హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్ రకం ఈ పరీక్షకు లొంగకుండా తప్పించుకుంటూ వస్తోంది. మొదట కోడి కణాలను పట్టడం మానేసింది, తర్వాత టర్కీ కణాలను. గినీ పిగ్ కణాలకు మారారు. అప్పుడు న్యూరామినిడేజ్ అనే ఇంకో ప్రొటీన్‌తో పట్టుకోవడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడానికి ప్లేట్‌లో ఒసెల్టమివిర్, అంటే టామిఫ్లూలో ఉండే మందే, కలిపారు. 2014 నుంచి కొన్ని వైరస్‌లు అసలు ఏ కణాలనూ అతికించడం లేదు. అలాంటప్పుడు కుక్క మూత్రపిండ కణాల మీద సీరం, వైరస్ కలిపి వేసి, కణాలకు ఇన్ఫెక్షన్ ఆగిందా లేదా అని చూస్తారు. ఇది న్యూట్రలైజేషన్ టెస్ట్. రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. హెచ్3ఎన్2 విషయంలో ఇప్పుడు ఈ రెండు పరీక్షల ఫలితాలతో పాటు జన్యుక్రమాన్ని కూడా ముందు పెట్టుకునే వ్యాక్సిన్ నిర్ణయం తీసుకుంటున్నారు.