శాంటా ఫే ఆవిడెవరు?

తమ్ముడు: నువ్వు ‘ట కాదు, త’ అని దిద్దినప్పుడల్లా డబ్బాలో రూపాయి వెయ్యాలి, మాటిచ్చావు. టాపిక్: స్పెయిన్ వాళ్లు పండుగల క్యాలెండరు చూసి పెట్టిన ఊరి పేర్లు.

అక్క: అదెంతసేపులే. 1537 ఆగస్టు 15, మరియమాత మోక్షారోపణ పండుగ. ఆ రోజు పరాగ్వేలో కోట వేశారు, పేరు అసున్సియోన్, అంటే మోక్షారోపణే. 1565 ఆగస్టు 28, పునీత అగస్టీను పండుగ. ఆ రోజు ఫ్లోరిడా తీరం కనబడింది, ఊరు సాన్ అగుస్తీన్. సాన్ అంటే పునీత, ఇంగ్లీషులో సెయింట్.

తమ్ముడు: మరి శాంటా ఫే ఏ పునీతురాలు?

అక్క: ఎవరూ కాదు! ‘ఫే’ అంటే విశ్వాసం. ఆ మాట స్త్రీలింగం, అందుకే ముందు సాంతా, అంటే పవిత్ర. 1491లో గ్రనడా ముట్టడికి దిగిన దండు విడిది ఒక సాంతా ఫే. అర్జెంటీనాలోది 1573, న్యూ మెక్సికోలోది 1610. సాంతా క్రూస్ కూడా అంతే, పవిత్ర సిలువ.

తమ్ముడు: అయితే మగపేరుకి సాన్, ఆడపేరుకి సాంతా. తేలిపోయింది.

అక్క: సాంతో దొమింగో?

తమ్ముడు: త, ద ముందు సాంతో.

అక్క: సాన్ దియేగోలో ద లేదూ? సాన్ అని కుదించకుండా సాంతో నిలిచేది నాలుగు పేర్ల ముందే: దొమింగో, తొమాస్, తొమే, తొరిబియో. అన్నీ ‘తొ’, ‘దొ’లే, చూడు. సాంతాని మాత్రం కుదించరు. సాంతా ఆనా అనాల్సిందే.

తమ్ముడు: పేపర్లో ‘శాంటో డొమింగో’ అనే వేస్తారు కదా.

అక్క: ఆ ట, డ ఇంగ్లీషు మీదుగా వచ్చినవి. స్పానిష్‌లో నాలుక పళ్లకి తగులుతుంది. మనకి త, ద ఉండగా...

తమ్ముడు: డబ్బాలో రూపాయి.

అక్క: రెండు వేస్తా. సాంతియాగో!

తమ్ముడు: దానికి ముందు సాన్ ఏదీ?

అక్క: లోపలే ఉంది. సాంత్, యాగో కలిసిపోయాయి. యాగో అంటే యాకోబు. మళ్లీ సాన్ తగిలిస్తే రెండుసార్లు పునీత అన్నట్టు.

తమ్ముడు: ఎన్ని సాంతియాగోలో! టికెట్టు కొనేవాడి గతేంటి?

అక్క: ఊరి పేరు వదిలేసి విమానాశ్రయం కోడు చూడాలి. ఎస్‌సీఎల్ చిలీ, ఎస్‌సీక్యూ స్పెయిన్, ఎస్‌సీయూ క్యూబా. సాన్ హొసేకీ అంతే. ఎస్‌జేసీ అయితే కాలిఫోర్నియా, మనవాళ్లు బోలెడుమంది ఉండేది. ఎస్‌జేఓ కోస్టారికా. ఒక్క అక్షరం తేడాకి దేశం మారిపోతుంది.

తమ్ముడు: హొసే అంటే...

అక్క: మన జోజప్పే, జోసెఫ్.

తమ్ముడు: నన్నొక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. సరే, లాస్ ఏంజెలిస్...

అక్క: లోస్ ఆంహెలెస్.

తమ్ముడు: రూపాయి.

అక్క: అందులో త ఎక్కడుందిరా?

తమ్ముడు: ...ఉండు, డబ్బా మూత రావట్లేదు.