సోయా కొవ్వొత్తి: వత్తి చెప్పే సంగతులు

అందరికీ నమస్కారం.

జారులో పోసిన సోయా కొవ్వొత్తికి వచ్చే లోపాలు చెప్పుకుంటూ పోతే చాంతాడంత అవుతాయి. రెండు కుప్పలు చేసుకుంటే పని తేలిక. కంటికి మాత్రమే ఇబ్బంది పెట్టేవి ఒక కుప్ప: తెల్లటి పొడ, గాజు వెంట మచ్చలు, గరుకు తేలిన పైభాగం. వెలిగించాకే బయటపడేవి రెండో కుప్ప: వత్తి చుట్టూ బావిలా దిగిపోవడం, మసి, ఎగసే మంట, ముట్టుకోలేనంత కాలే గాజు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి కుప్పతోనే నెలలు కుస్తీ పడతారు. అందుకే దాన్ని ముందే, తొందరగా ముగించేస్తాను.

సోయాబీన్ నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిస్తే వచ్చేది సోయా మైనం. వనస్పతి తయారయ్యే దారి కూడా అదే. కొవ్వు గనక కొవ్వు లక్షణాలే చూపిస్తుంది. కాచిన నెయ్యి పూసకట్టడం మనకు తెలిసిందే. సోయా మైనంలోనూ అలాగే స్ఫటికాలు కట్టి, రూపం మార్చుకుంటూ పైకి తెల్లటి పొడలా తేలతాయి. దానివల్ల మంటకు గానీ వాసనకు గానీ నష్టం లేదు. రంగు కలపని మైనంలో అది కంటికే ఆనదు. ముదురు ఎరుపు, నీలం వేసి పొడ రాకూడదంటే మాత్రం కుదరదు.

గాజు వెంట తడిసినట్టు కనిపించే మచ్చల్లో తడేమీ ఉండదు. చల్లారుతూ కుంచించుకున్న మైనం గాజును వదిలేసిన చోట్లవి. జారును కడిగి, బాగా ఆరబెట్టి, పోసే ముందు గోరువెచ్చగా 35 నుంచి 40 డిగ్రీలకు తెస్తే తగ్గుతాయి. ఏసీ ఉన్న గదిలో పొయ్యకండి. ఇంత చేసినా చలి రాత్రి మళ్లీ రావచ్చు. వస్తే రానివ్వండి.

పైన పడే గుంటల్లో ఒక్కదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వత్తి పక్కన లోపల దాగిన గాలి గుల్ల అది. మంట అక్కడిదాకా దిగాక కరిగిన మైనం గుల్లలోకి జారిపోతుంది, వత్తి ఒక్కసారిగా బయటపడుతుంది, మంట లేస్తుంది. మైనం గట్టిపడ్డాక సన్నటి ఇనప పుల్లతో వత్తి చుట్టూ రెండు మూడు చోట్ల గుచ్చి చూడండి. గుల్ల తగిలితే వేడి గాలి ఊదే హీట్ గన్‌తో పైభాగం కరిగించి, దాచిపెట్టుకున్న మైనంతో నింపండి.

ఇక కొలతలు. జారును తూకం మీద పెట్టి సున్నా చేసి, మైనం ఎంతవరకు రావాలో అంతవరకు నీళ్లు పోయండి. 200 గ్రాముల నీళ్లు పట్టాయనుకోండి. మైనం నీటికంటే తేలిక కాబట్టి 0.86తో గుణిస్తే 172 గ్రాములు. సువాసన నూనె మైనం బరువులో 6 శాతం వేస్తే మైనం 162, నూనె 10 గ్రాములు. మిల్లీలీటర్లతో, చెంచాలతో కొలవకండి. ఒక్కో నూనె బరువు ఒక్కోలా ఉంటుంది.

గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించండి. పై గిన్నెలో ఒక్క చుక్క నీరు పడినా వెలిగించాక వత్తి చిటపటలాడుతుంది. మైనం 80, 85 డిగ్రీల మధ్య ఉండగా నూనె పోసి రెండు నిమిషాలు మెల్లగా కలపండి. చల్లారాక కలిపితే నూనె సరిగా కలవక జారు అడుగున చేరుతుంది. మంట అడుగుకు చేరినప్పుడు అది ప్రమాదం. జారుల్లోకి పోయడం 55, 60 డిగ్రీల మధ్య.

ఇప్పుడు వత్తి. ఈ పూట మిగిలిన సమయమంతా దానికే ఇద్దామనుకుంటున్నాను. ప్రమిదలో వత్తి సరిగా వెలగకపోతే కాస్త ఎగదోస్తాం, లేదా రెండు వత్తులు కలిపి వేస్తాం. జారులో ఆ వీలు లేదు, పోసిన రోజే నిర్ణయం అయిపోతుంది. పూజకు వాడే పత్తి వత్తి ఇక్కడ పనికిరాదు. కరిగిన మైనంలో నిలబడలేక వాలిపోతుంది. అల్లి మైనం పట్టించిన, అడుగున లోహపు బిళ్ల ఉన్న వత్తే కావాలి.

వత్తి సైజును తేల్చేది జారు లోపలి వ్యాసం. ఎత్తుతో పని లేదు. దుకాణంవాళ్లు ఇచ్చే పట్టికలో మీ వ్యాసానికి చూపిన నంబరు, దాని కిందిది, పైది, మూడూ తెచ్చి, ఒకే మైనం, ఒకే నూనెతో మూడు జారులు పోయండి. మామూలు కొవ్వొత్తుల్లో వాడే పారఫిన్ మైనానికి రాసిన పట్టికను నమ్మకండి. కరిగిన సోయా చిక్కగా ఉంటుంది, అందుకే సాధారణంగా ఒక సైజు పెద్ద వత్తి అడుగుతుంది.

రెండు వారాలు మూతపెట్టి ఉంచాక వెలిగించండి. నాలుగు గంటలు వెలగనిచ్చి ఆర్పి, పూర్తిగా గట్టిపడ్డాక మళ్లీ వెలిగించాలి. ఇలా అడుగున 12 మిల్లీమీటర్ల మైనం మిగిలేదాకా. ప్రతిసారీ వత్తి చుట్టూ చెరువులా కరిగి నిలిచిన మైనం వ్యాసం, లోతు, మంట ఎత్తు రాసుకోండి. చెరువు లోతు 12 మిల్లీమీటర్లు దాటుతుంటే వత్తి పెద్దది. కొవ్వొత్తుల భద్రతకు పెట్టిన అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2417 ప్రకారం మంట 75 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంట్లో జారుకు అందులో సగం కూడా ఎక్కువే అంటాను.

చాలామంది పొరబడేది ఇక్కడే. మొదటిసారే అంచులదాకా కరిగితే వత్తి కుదిరిందనుకుంటారు. జారు సగం ఖాళీ అయ్యాక గాజు గోడలు వేడిని పట్టి ఉంచుతాయి, అదే వత్తి కింద ఇంకా జోరుగా మండుతుంది. మొదటిసారి అంచున మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగిలినా ఫర్వాలేదు. కింది సగంలో అది కరిగి దిగిపోతుంది. తీర్పు చెప్పేది చివరి వెలుగే.

మధ్యలో బావి పడి, రెండు మూడుసార్లు వెలిగించినా చుట్టూ సెంటీమీటరు గోడ నిలిచిపోతే వత్తి చిన్నది. ఆ మాట అనే ముందు ఎంతసేపు వెలిగించారో అడగండి. ఏడున్నర సెంటీమీటర్ల జారుకు మొదటిసారి మూడు గంటలు కావాలి. కరెంటు పోయినప్పుడు అరగంట వెలిగించి, రాగానే ఆర్పేస్తే ఎంత మంచి వత్తికైనా బావి తప్పదు. పది సెంటీమీటర్లు దాటిన జారుకు ఒక పెద్ద వత్తి కంటే రెండు మధ్యరకంవి మేలు.

వత్తి కొసన పుట్టగొడుగులా బొగ్గు కట్టి మసి వస్తుంటే వత్తి పెద్దదయినా అయి ఉండాలి, నూనె ఎక్కువయినా అయి ఉండాలి. వత్తి మార్చే ముందు వెలిగించిన ప్రతిసారీ అయిదారు మిల్లీమీటర్లకు కత్తిరించి చూడండి. తర్వాత తల పైకెత్తి చూడండి. మన ఇళ్లలో మసికి సగం కారణం సీలింగ్ ఫ్యానే. గాలికి మంట ఒకవైపు వాలి ఆ వైపు గాజు నల్లబడుతుంది, రెండోవైపు మైనం కరగదు. పరీక్ష ఎప్పుడూ ఫ్యాను ఆపి చెయ్యండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. వత్తీ నూనే కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వాసన రావడం లేదని నూనె 12 శాతానికి పెంచేవాళ్లున్నారు. మైనం పట్టలేనిది పైన చెమటలా తేలుతుంది, వత్తి రంధ్రాలు పూడుకుంటాయి, మంట చిన్నదై వాసన ఇంకా తగ్గుతుంది. వెలగనప్పుడు వాసన ఉండి, వెలిగించాక లేకపోతే ముందు చూడాల్సింది చెరువు వెడల్పు. అత్తరు, బట్టల స్ప్రే, ఫుడ్ కలర్ వద్దు. కర్పూరం అసలే వద్దు. పైన ఎండు గులాబీ రేకులు అంటిస్తే ఫొటోకు బాగుంటాయి, వెలిగించాక అవే రెండో వత్తి అవుతాయి.

వేసవి సంగతి విడిగా చెప్పాలి. జారులకు అమ్మే సోయా మైనాల్లో చాలావాటి కరిగే స్థానం 46 నుంచి 52 డిగ్రీలు. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో బయటే 44, 45 ఉంటుంది, మూసిన పార్శిల్ బండి లోపల ఇంకా ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పంపేవాటికి ఆ శ్రేణిలో పైఅంచు మైనం తీసుకోండి. మైనం మారితే వత్తి పరీక్ష మళ్లీ మొదటి నుంచి.

కరిగిన మైనం అంటుకుంటే నీళ్లు పొయ్యకండి, మరిగే నూనెలో నీళ్లు పోసినట్టే భగ్గుమంటుంది. స్టవ్ కట్టేసి లోహపు మూత పెట్టండి.

జారులు తెచ్చినవాళ్లు బల్ల మీద వరసగా పెట్టండి. వత్తి కొసలతో మొదలుపెడదాం.