ట్రేస్ సగంలో ఆగిపోతోందా? యుటిలిటీ నెట్‌వర్క్ ట్రేస్ టూల్ రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రోలోని యుటిలిటీ నెట్‌వర్క్ ట్రేస్ టూల్ సంగతి చూద్దాం. మ్యాప్‌లో గీసిన కరెంటు లైన్లు ఎక్కడిదాకా కలిసి ఉన్నాయో వెతికి చూపించే టూల్ ఇది. ఇది 2018లోనే వచ్చింది. కానీ దీనికి ముందున్న పాత సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్ సపోర్ట్‌కి 2026 మార్చి 1 ఆఖరి గడువు కావడంతో, అందులోని జామెట్రిక్ నెట్‌వర్క్ పద్ధతికి అలవాటుపడ్డ వాళ్లందరూ ఇటు రాక తప్పడం లేదు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కరెంటు కంపెనీల డేటా సరిచేసే మనవాళ్లకైతే ఇది రోజూ ఉండే టెన్షనే.

స్క్రీన్ మీద ఉన్నది ఒక 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైన్), డెమో కోసం గీసింది. సబ్‌స్టేషన్ బ్రేకర్ దగ్గర స్టార్టింగ్ పాయింట్ పెట్టి డౌన్‌స్ట్రీమ్ ట్రేస్ (కరెంటు పారే దిక్కుగా వెతకడం) కొడుతున్నా. చూశారా, మెయిన్ లైన్ అంతా హైలైట్ అయింది, ఈ ట్యాప్ (మెయిన్ నుంచి చీలే పక్క లైన్) దగ్గరికొచ్చి ఆగిపోయింది. అవతలి మూడు ట్రాన్స్‌ఫార్మర్లూ అలాగే ఉన్నాయి. టూల్ మాత్రం పని పూర్తయిందని పచ్చ టిక్ పెట్టేసింది! నాకు నచ్చనిది ఇదే. ఎక్కడ ఆగిందో చూపిస్తుంది గానీ, ఎందుకు ఆగిందో చెప్పదు.

అందుకే వెంటనే లైన్లు కదిలించకండి. ముందు, దిక్కుతో పని లేకుండా కలిసి ఉన్నవన్నీ వెతికే కనెక్టెడ్ ట్రేస్ కొట్టండి. మనం కండిషన్ పెట్టకపోతే అది స్విచ్ ఓపెనా క్లోజా అన్నది పట్టించుకోదు. అది కూడా అక్కడే ఆగితే, అసలు కనెక్షనే లేదన్నమాట. అది దాటి వెళ్లి డౌన్‌స్ట్రీమ్ ఒక్కటే ఆగితే, లైన్ బాగానే ఉంది, స్విచ్ స్టేటస్సో ఫేజో తప్పు ఎంటరై ఉంటుంది.

ఇక్కడ కనెక్టెడ్ కూడా ఆగింది. జూమ్ చేస్తున్నా. స్నాప్ పక్కాగా ఉంది, చుక్క కూడా ఖాళీ లేదు. మరి? ట్యాప్ వచ్చి తగిలింది మెయిన్ లైన్ మధ్యలో. ఈ రకం లైన్‌కి కనెక్టివిటీ పాలసీ 'ఎండ్ వెర్టెక్స్' అని ఉంది, అంటే చివర్లలో తప్ప ఇంకెక్కడా కలవదు. 'ఎనీ వెర్టెక్స్'గా, అంటే లైన్ మధ్యలోని ఏ బిందువు దగ్గరైనా కలిసేలా మార్చాలంటే టోపాలజీనే (ఏది దేనికి కలిసిందో సాఫ్ట్‌వేర్ రాసుకునే లెక్క) డిసేబుల్ చేయాలి, అది అడ్మిన్ చూసుకునే పని. ఒక్క ట్యాప్ కోసం అంత దూరం ఎందుకు? మెయిన్ లైన్‌ని ఇక్కడ స్ప్లిట్ చేసి, నెట్‌వర్క్ రూల్ ఒప్పుకునే జంక్షన్ (లైన్లు కలిసే పాయింట్) ఒకటి పెడదాం.

మళ్లీ ట్రేస్... ఎర్రర్. ఈ గీతలు నిండిన చదరం కనిపిస్తోందా? డర్టీ ఏరియా, అంటే ఎడిట్ చేశాక ఇంకా వ్యాలిడేట్ చేయని చోటు. ట్రేస్ నడిచేది మనం గీసిన గీతల మీద కాదు, టోపాలజీలో రాసి ఉన్నదాని మీద. ఎడిట్‌ని టోపాలజీలోకి ఎక్కించే వ్యాలిడేట్ కొట్టేదాకా మన ఎడిట్ దానికి తెలియదు. కొంతమంది ఎర్రర్ పోవాలని డర్టీ ఏరియా ఉందేమో చూసే 'వ్యాలిడేట్ కన్సిస్టెన్సీ' టిక్ తీసేస్తారు. ఎర్రర్ పోతుంది, పాత తప్పు మాత్రం అలాగే ఉంటుంది. వ్యాలిడేట్ చేశా. ఇదిగో, మూడు ట్రాన్స్‌ఫార్మర్లూ వచ్చేశాయి.

దీనికి ఉల్టా కేసు ఇంకా ప్రమాదం. ట్రేస్ ఆగకుండా పక్క ఫీడర్‌లోకి వెళ్లిపోతుంది. చాలాసార్లు కారణం, ఎప్పుడూ ఓపెన్‌గా ఉండాల్సిన ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ని కలిపే, విడదీసే స్విచ్) మ్యాప్‌లో క్లోజ్ అని ఉండటం. దీన్ని ఆఫీసులో కూర్చుని ఊహించి మార్చకండి. సింగిల్ లైన్ డయాగ్రమ్ (ఫీడర్ మొత్తాన్ని గీతల్లో చూపే బొమ్మ) చూడండి, లేదా ఆ సెక్షన్ లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేయండి. ఇదే మ్యాప్ చూసి ఎవరైనా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపాం, పని చేయొచ్చు అనే అనుమతి) ఇస్తే, స్తంభం ఎక్కేది ఆయనే కదా. ట్రాన్స్‌ఫార్మర్‌లో హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ), ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) టెర్మినళ్లు తారుమారైనా డౌన్‌స్ట్రీమ్ తేడా కొడుతుంది, అదీ ఒకసారి చూసుకోండి.

ఇంకో మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ చాలదా అని అడిగేవాళ్లకి: అందులోని టోపాలజీ చెకర్ వేలాడే (చివర దేనికీ కలవని) లైన్లని బాగానే పట్టిస్తుంది, పైగా ఉచితం. కానీ స్విచ్ ఓపెన్‌లో ఉందన్న సంగతి దానికి తెలియదు.

నా మార్కులు పదికి ఏడు. పోయిన మూడూ ఆ మౌనానికే. నేర్చుకోవాలంటే ఫైల్ జియోడేటాబేస్‌లో (మన కంప్యూటర్‌లోనే ఉండే డేటా ఫోల్డర్) సర్వర్ లేకుండానే చిన్న ఫీడర్ గీసి, ఒక లైన్ కావాలని తెంపి చూడండి.