చుక్కతో 18 రోజులు: జడ్చర్ల నుంచి ఉత్తరాదికి 44వ నంబరు రోడ్డు మీద

వ్యాఖ్యాత: నమస్కారం. జడ్చర్ల నుంచి మాట్లాడుతున్నాను. మా డాబా మీద నిలబడితే రాత్రంతా 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయే లారీల దీపాలు కనిపిస్తాయి. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే ఆ దారి మీద నేను ఇంతవరకు ఇటు కర్నూలు, అటు హైదరాబాద్ దాటి పోలేదు. ఈసారి దసరా నాడు బండికి పూజ చేసుకొని, మరునాడు తెల్లవారుజామున నేను, నా భర్త, మా కుక్క చుక్క కలిసి మా పాత బొలెరోలో గుడారం, గ్యాసు పొయ్యి, నీళ్ల క్యాన్లు వేసుకొని హిమాచల్ ప్రదేశ్‌లోని కులు లోయ వరకు పోవాలని అనుకుంటున్నాము. చుక్క దేశవాళీ కుక్క. నాలుగేళ్ల వయసు, 18 కిలోల బరువు, నుదుట తెల్లని మచ్చ. ఇప్పుడు ఈ బల్ల కిందనే పడుకొని ఉంది. దారి గురించి చెప్పడానికి నకిరేకల్ వైపు నుంచి ఒక అన్న వచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఢిల్లీకి బత్తాయి లోడు తోలిన మనిషి. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి అన్న అనే పిలుస్తాను. అన్నా, నమస్తే.

అతిథి: నమస్తే చెల్లెమ్మా. నా క్యాబిన్‌లో కూడా ఆరేళ్లు ఒక కుక్క తిరిగింది. అందుకే నువ్వు పిలవగానే వచ్చాను. ముందు నీ కాగితం చూపించు.

వ్యాఖ్యాత: ఇదిగో అన్నా. మొదటి రోజు జడ్చర్ల నుంచి నాగ్‌పూర్. రెండో రోజు ఝాన్సీ. మూడో రోజు ఢిల్లీ దాటి అంబాలా. నాలుగో రోజు చండీగఢ్, బిలాస్‌పూర్, మండి మీదుగా కులు.

అతిథి: ఇది లారీ కాగితం చెల్లెమ్మా, కుక్క కాగితం కాదు. నాగ్‌పూర్ ఇక్కడి నుంచి 580 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి తోలితే బత్తాయి లోడు ఆ వేగంతోనే పోతుంది. అయినా ఆ పండు కోసం మేము లారీలో వరిగడ్డి పరిచేవాళ్లం, గాలి ఆడేలా పట్టా కట్టేవాళ్లం. పండుకే అంత చేసినప్పుడు ప్రాణమున్న దానికి ఎంత చేయాలో చూడు. కుక్కతో పోయేటప్పుడు రెండు గంటలకు ఒకసారి బండి ఆపి, పదిహేను ఇరవై నిమిషాలు దానిని నేల మీద నడిపించి, నీళ్లు తాగించి, మూత్రానికి వదలాలి. ఉదయం ఐదింటికి బయలుదేరితే ఎండ ముదిరే లోపు, అంటే పదకొండు, పన్నెండింటికి ఆ రోజు ప్రయాణం ముగియాలి. ఆ లెక్కన రోజుకు 300 కిలోమీటర్లకు మించి రావు. మొదటి రాత్రి నిర్మల్‌లో ఆగు. రెండో రాత్రి నాగ్‌పూర్ పొలిమేరలో. అక్కడి నుంచి సివనీ మీదుగా నర్సింగ్‌పూర్, తర్వాత సాగర్ దాటి లలిత్‌పూర్, ఆ తర్వాత ఝాన్సీ, గ్వాలియర్ మీదుగా ఆగ్రా. ఢిల్లీలోకి పోనే పోవద్దు. పల్వల్ దగ్గర తూర్పు బయటి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 135 కిలోమీటర్ల తర్వాత కుండ్లీ దగ్గర మళ్లీ 44 మీదికే వస్తావు. గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడిన బండిలో కుక్క పడే బాధ నేను చూశాను.

వ్యాఖ్యాత: అలా లెక్కవేస్తే పోవడానికే ఎనిమిది రోజులు పడుతుంది కదా అన్నా.

అతిథి: పడుతుంది. ఆ సంగతి చివర మాట్లాడుకుందాం. ముందు దసరా, దీపావళి మధ్యనే ఎందుకు పెట్టుకున్నావో చెప్పు.

వ్యాఖ్యాత: రెండు కారణాలు. దసరా నాటికి ఉత్తరాదిలో వానలు వెనక్కి పోతాయి, కొండదారుల్లో చరియలు విరిగిపడే భయం తగ్గుతుంది. డిసెంబరు, జనవరిలో పోదామంటే ఆగ్రా, ఢిల్లీ మైదానంలో పొగమంచు కమ్మి ముందున్న బండి కూడా కనిపించదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో కుక్కతో పోవాలని మన పాలమూరు వాళ్లెవరూ అనుకోరు. రెండో కారణం టపాకాయలు. దీపావళి రాత్రి చుక్క మంచం కింద దూరి తెల్లవారే దాకా వణుకుతూనే ఉంటుంది. తెలియని ఊళ్లో, గుడ్డ గుడారంలో దానిని ఆ రాత్రి ఉంచడం నాకు ఊహించడానికే భయంగా ఉంది. దసరా తర్వాత ఇరవయ్యో రోజున దీపావళి వస్తుంది కాబట్టి మాకున్నవి 18 రోజులు.

అతిథి: మంచి ఆలోచనే. ఆ భయం సంగతి తెలిసినదానివి కాబట్టి అడుగుతున్నాను, దానికి మెడ బెల్టు వేస్తావా, హార్నెస్ వేస్తావా?

వ్యాఖ్యాత: ఇప్పుడు రెండూ వేస్తాను అన్నా, దానికి కారణం ఉంది. పోయిన ఫిబ్రవరిలో, ఇంత దూరం పోయే ముందు ఒక రాత్రి బయట పడుకొని చూద్దామని నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు బయలుదేరాము. దారిలో ఒక హోటలు దగ్గర చాయకు ఆగాము. నేను చుక్క గొలుసు పట్టుకొని నిలబడి ఉన్నాను. వెనక నుంచి వచ్చిన లారీ ఒక్కసారిగా పెద్ద హారన్ కొట్టింది. చుక్క ముందుకు ఉరకలేదు, వెనక్కి లాగింది. తల కిందికి వంచి, చెవులు వీపుకు అంటించి, నాలుగు కాళ్లూ నేలకు ఆనించి వెనక్కి గుంజేసరికి బెల్టు దాని చెవుల మీదుగా జారి ఊడి వచ్చింది. గొలుసు నా చేతిలో ఉంది, గొలుసు చివర ఖాళీ బెల్టు ఊగుతోంది, మా ఫోను నంబరు చెక్కిన బిళ్ల ఆ బెల్టుకే ఉంది. చుక్క రోడ్డు దాటి మొక్కజొన్న చేనులోకి పోయింది. దాని ఒంటి మీద అది మాది అని చెప్పే గుర్తు ఒక్కటి కూడా లేదు.

అతిథి: వెంట పరుగెత్తారా?

వ్యాఖ్యాత: నేను పరుగెత్తాను, అదే తప్పు. అరుస్తూ పోయేకొద్దీ అది ఇంకా లోపలికి పోయింది. ఆ చేను రైతు నన్ను ఆపి, కూర్చో బిడ్డా, అదే వస్తుంది అన్నారు. నా భర్త దాని దుప్పటి తెచ్చి, బెల్టు ఊడిన చోటనే నేల మీద పరిచి పక్కన కూర్చున్నారు. రెండు గంటల తర్వాత గట్టు వెంట ముక్కు నేలకు ఆనించుకుంటూ వచ్చి ఆ దుప్పటి మీద పడుకుంది. అప్పటి నుంచి ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కు ఒక తాడు, మెడ బెల్టుకు ఒక తాడు, నంబరు బిళ్ల రెండింటికీ. బిళ్ల మీద హిందీలో కూడా రాయించాము. బెల్టు కింద రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. బండి తలుపు తీసే ముందు తాడు ఎవరి చేతిలో ఉందో పైకి చెప్పుకున్న తర్వాతే తీస్తాము.

అతిథి: బండిలో కూడా ఆ హార్నెస్‌ను వెనక సీటు బెల్టుకు తగిలించు. ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు. సడన్ బ్రేకు పడితే 18 కిలోల ప్రాణి ఎగిరి అద్దానికి కొట్టుకుంటుంది. ఇంకొకటి, టోల్ గేటు దగ్గరైనా, ఢాబా దగ్గరైనా ఇద్దరూ ఒకేసారి దిగి దానిని బండిలో వదిలిపెట్టవద్దు. అద్దాలు మూసిన బండిలో పది నిమిషాలకే వేడి పది డిగ్రీలు పెరుగుతుంది, అరగంటకు ఇరవై డిగ్రీల దగ్గరికి పోతుంది. అద్దం రెండు వేళ్లంత దించితే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. మనకు ఒళ్లంతా చెమట పోస్తుంది, కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట రాదు. నాలుక చాపి రొప్పడమే దానికి ఉన్న దారి. బండి లోపలి గాలే వేడెక్కిన తర్వాత ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు.

వ్యాఖ్యాత: మా పశువైద్యురాలు కూడా ఇదే చెప్పారు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుందనీ, 105 దాటితే వడదెబ్బ కింద లెక్కించి వెంటనే నీడకు తీసుకుపోయి, పొట్ట మీద, తొడల సందున, పాదాల మీద మామూలు నీళ్లు పోసి గాలి విసరాలనీ, ఐసు గడ్డలు పెట్టవద్దనీ చెప్పారు. చిగుళ్లు బాగా ఎర్రబడినా, చొంగ చిక్కగా తీగలా కారినా, నడక తూలినా ఆలస్యం చేయకూడదు. చుక్క వంటి దేశవాళీ కుక్కలు కొంత ఓర్చుకుంటాయి. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలతో మాత్రం ఇటువంటి ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు. తారు రోడ్డు మీద నడిపించే ముందు నా అరచేతి వెనక భాగం ఆనించి చూస్తాను. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఆనలేవు.

అతిథి: రాత్రుళ్లు ఎక్కడ పడుకుంటారు?

వ్యాఖ్యాత: ఊరికి దగ్గరగా ఉన్న పొలాల్లో, యజమానిని అడిగి. దొరకని చోట పెద్ద ఢాబాల వెనక జాగాలో.

అతిథి: పొలమైతే పగటి వెలుగు ఉండగానే అడగాలి, చీకటి పడిన తర్వాత కొత్త మనిషినీ కుక్కనూ చూస్తే ఎవరైనా అనుమానిస్తారు. పెట్రోలు బంకు పక్క జాగా కూడా మంచిదే, కానీ అక్కడ పొయ్యి వెలిగించకూడదు. ఊర కుక్కల గుంపు తప్పకుండా వస్తుంది. అది వాటి జాగా, మన కుక్కే అక్కడ కొత్తది. రాళ్లు విసిరితే గొడవ పెరుగుతుంది. చుక్కను పొట్టి తాడు మీద దగ్గరికి తీసుకొని నెమ్మదిగా పక్కకు జరగాలి, దాని గిన్నెలో మిగిలిన అన్నం రాత్రి బయట ఉంచకూడదు. రేబిస్ టీకా వేయించావా?

వ్యాఖ్యాత: ఏటా వేయిస్తాము. ఈసారి ప్రయాణానికి నెల రోజుల ముందే వేయిస్తున్నాము. డిస్టెంపర్, పార్వో అనే కుక్కల అంటుజబ్బులకు టీకా కూడా. మాలో ఎవరినైనా కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో గాయం కడిగి ఆసుపత్రికి పోవాలని గోడ మీద రాసి పెట్టుకున్నాము.

అతిథి: డిస్టెంపర్ అన్నావు కాబట్టి అడవి సంగతి చెబుతాను. నాగ్‌పూర్ దాటి సివనీ పోయే దారి పెంచ్ అడవి గుండా పోతుంది. పులులూ, దుప్పులూ దాటిపోవడానికి అక్కడ రోడ్డును పైకెత్తి కింద దారులు వదిలారు. చుట్టూ అంత పచ్చగా ఉంటే ఆగి గుడారం వేయాలనిపిస్తుంది. వేయకూడదు, కుక్కను దింపకూడదు. మన నల్లమలలో అమ్రాబాద్ దగ్గర ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి.

వ్యాఖ్యాత: చాలామంది దానిని ఉత్త నిబంధన అనుకుంటారు అన్నా. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటి ఒంట్లో దొరికింది ఈ డిస్టెంపర్ వైరస్సే. అది కుక్కల్లో ఉండే జబ్బు. టీకా వేసిన కుక్క అయినా అడవి జంతువులు తిరిగే చోట దానిని వదిలే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అతిథి: అటు నుంచి ఇటు కూడా ప్రమాదమే. హిమాచల్ కొండల్లో చిరుతలు ఊళ్ల దగ్గరికి వచ్చి కుక్కలను ఎత్తుకుపోతాయి. గద్దీ గొర్రెల కాపరుల కుక్కలను చూశాను, మెడకు ఇనుప ముళ్ల పట్టీ ఉంటుంది. చిరుత పట్టేది గొంతునే కదా. కాబట్టి చుక్కను రాత్రి గుడారం బయట కాపలాకు కట్టేయవద్దు, లోపల మీ ఇద్దరి మధ్య పడుకోబెట్టుకోండి. గుడారానికి అడుగు గుడ్డ కుట్టి ఉందా? జిప్పు పూర్తిగా మూసుకోవాలి. కట్లపాము రాత్రి పూట పడకల్లోకే వస్తుంది, అది కరిచినట్టు కూడా ఒక్కోసారి తెలియదు.

వ్యాఖ్యాత: ఉంది. పడుకునే ముందు టార్చి వేసుకొని దుప్పట్లు దులుపుతాము. ఆ టార్చితోనే చుక్కకు పిడుదులు వెతుకుతాను. చెవి మడత లోపల, చంకల్లో, తోక మొదట్లో, అన్నింటికంటే ముఖ్యంగా కాలివేళ్ల సందుల్లో. సోమశిలలో దాని ముందు కాలి వేళ్ల మధ్య ఒకటి దొరికింది. మొదట పుట్టుమచ్చ అనుకున్నాను. వేలితో తడిమితే మినపగింజంత గట్టిగా, నున్నగా తగిలింది. చర్మానికి ఆనుకొని చిమ్టాతో పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల పెట్టడం చేయకూడదు. ఆ తర్వాత రెండు మూడు వారాలు దాని తిండినీ, చిగుళ్ల రంగునూ గమనిస్తూ ఉన్నాను, ఎందుకంటే పిడుదు జ్వరంలో చిగుళ్లు పాలిపోతాయి.

అతిథి: తిండి?

వ్యాఖ్యాత: ఇంట్లో తినేదే. అన్నం, ఉడికించిన కోడిమాంసం, కొంచెం గుమ్మడికాయ. బయలుదేరడానికి మూడు గంటల ముందు ఏమీ పెట్టను, లేకపోతే మలుపుల్లో కక్కుకుంటుంది. ఢాబా కూర ఒక్క ముద్ద కూడా పెట్టను, అందులో ఉల్లిగడ్డ, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే.

అతిథి: నీళ్ల సంగతి నల్గొండవాడిగా నేను చెబుతాను. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మనుషుల మధ్య పెరిగాను కాబట్టి ఏ బోరు నీళ్లనూ నమ్మను. ఇరవై లీటర్ల క్యాను ఒకటి కుక్కకే వేరుగా పెట్టుకో. సరే, ఇప్పుడు ఆ ఎనిమిది రోజుల సంగతికి వద్దాం. పోవడానికి ఎనిమిది, రావడానికి ఎనిమిది. కులులో నీకు మిగిలేది రెండు రోజులు. దారిలో చుక్కకు ఒక రోజు కడుపు చెడితే అదీ పోతుంది. అప్పుడు నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. ఆ రోజును పూడ్చడానికి తర్వాతి రోజు 500 తోలుతావు.

వ్యాఖ్యాత: నిజమే అన్నా. మరి ఏం చేయమంటారు?

అతిథి: కులు పేరు కొట్టెయ్యి. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి ఎక్కడ ఉంటే అక్కడ నుంచి మళ్లుకో. అది కులు కావచ్చు, బిలాస్‌పూర్ కావచ్చు, లలిత్‌పూర్ పక్కన ఏదో చెరువు గట్టు కావచ్చు.

వ్యాఖ్యాత: మూడేళ్లుగా ఆ కొండలనే తలుచుకుంటున్నాను అన్నా. కొట్టెయ్యడం తేలిక కాదు.

అతిథి: తెలుసు చెల్లెమ్మా. అందుకే నీ చేతితోనే కొట్టెయ్యమంటున్నాను.

వ్యాఖ్యాత: సరే. కొట్టేశాను. మొదటి రాత్రి నిర్మల్ అని రాసుకున్నాను, చివరి గడిలో తొమ్మిదో రోజు అని మాత్రమే రాసుకున్నాను. చుక్క లేచింది, తలుపు వైపు చూస్తోంది. దానిని బయటికి తీసుకుపోవాలి. తాడు నా చేతిలో ఉంది అన్నా, మీరు తలుపు తీయండి.