మెడ మీద బిళ్ళ

నమస్కారమండీ. జనవరి నెల, ఉదయం ఆరున్నర. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఇంకా తెల్లవారలేదు. పరగడుపున వేసుకునే రెండు మాత్రలు ఇవి. నాలుగో నెల నడుస్తోంది. కెమెరా దగ్గరగా తెస్తున్నాను, చూడండి: ఎడమ చెవికి కాస్త కింద, శనగగింజంత మిగిలింది. ఆగస్టులో అక్కడ ఉసిరికాయంత బిళ్ళ ఉండేది.

మే నెలలో తలంటుకుని మంగళసూత్రం సర్దుకుంటుంటే మొదటిసారి వేలికి తగిలింది. నొప్పి లేదు. జలుబు చేసింది కదా, దానికి కట్టిన బిళ్ళే అనుకున్నాను. అలా అనుకోవడం తప్పు కాదు. గొంతు నొప్పి వచ్చినా, పన్ను పుచ్చినా, తలలో కురుపు లేచినా మెడలోని లింఫ్ గ్రంథులు ఉబ్బుతాయి. సూక్ష్మజీవులతో పోరాడటమే వాటి పని. సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. నాది తగ్గలేదు. పక్కనే ఇంకో రెండు లేచి, మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి దిండు తడిసిపోయేది. అప్పుడు కూడా ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు అయిదు రోజులు మింగి ఊరుకున్నాను. అలా ఒక నెల పోగొట్టుకున్నాను. మీరు ఆ పని చేయకండి.

డాక్టరు దవడ కింద, చెవి వెనక, చివరికి కాలరు ఎముక పైన వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూసింది. బరువు తగ్గారా, దగ్గు ఉందా, ఏ దేశం నుంచి వచ్చారు అని అడిగింది. రెండు వారాల్లోపే ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, సూదితో గ్రంథి నుంచి కొంచెం తీశారు. ఫలితం వచ్చేదాకా క్యాన్సరేమోనని నిద్ర పట్టలేదు. వచ్చింది క్షయ. ఊపిరితిత్తుల్లో కాదు, మెడ గ్రంథుల్లో. మన పెద్దవాళ్ళు గండమాల అనేది దీన్నే.

వీసా కోసం హైదరాబాదులో తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదే అని వాదించాను. ఆ ఎక్స్‌రే చూసేది ఊపిరితిత్తులనే. ఈ క్రిమి ఏళ్ళ తరబడి ఒంట్లో నిద్రపోయి, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేవగలదు. గ్రంథుల్లో మాత్రమే ఉంటే పక్కవారికి అంటదు. మా ఇంట్లో కంచాలు వేరు చేయలేదు, పాపను దూరం పెట్టలేదు.

రైలెక్కితే ఇక్కడికి దగ్గరలోనే లిచ్‌ఫీల్డ్ ఉంది. నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ 1709లో అక్కడ పుట్టాడు. పసితనంలోనే అతనికి గండమాల వచ్చింది. రాజు తాకితే నయమవుతుందని అప్పటి నమ్మకం. 1712లో ఆన్ రాణి చేత తాకించారు, అయినా తగ్గలేదు. ఆ క్రిమిని జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోక్ కనుగొన్నది 1882లో. ఆ పిల్లవాడికి దొరకనివి ఈ మాత్రలు అనుకుంటే, చేతిలోకి తీసుకున్న ప్రతి ఉదయం నాకు కళ్ళు చెమరుస్తాయి.

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు రెండు రకాలు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, భయపడకండి. చూపులో, రంగుల్లో తేడా అనిపిస్తే మాత్రం వెంటనే చెప్పాలి. రెండో నెలలో బిళ్ళ మళ్ళీ ఉబ్బింది. మందు పనిచేయడం లేదని ఏడ్చాను. క్రిములు చస్తున్నప్పుడు ఇలా కూడా జరుగుతుందని, మాత్రలు ఆపవద్దని క్షయ నర్సు ఫోనులో అరగంట నచ్చజెప్పింది. ఈ వైద్యం ఇక్కడ ఉచితం. మన ఊళ్ళ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఉచితమే.

జబ్బు పేరు చెప్పగానే ఖమ్మంలో ఉన్న అమ్మ అన్న మొదటి మాట, "ఎవరితోనూ అనకమ్మా." నిన్న రాత్రి ఫోను చేసింది. పక్కింటి పిన్ని మనవడికి మెడ మీద రెండు నెలలుగా బిళ్ళ ఉందట. "నీ సంగతి చెప్పేశాను, ఏమీ అనుకోకు. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం" అంది.